గంట ప్రయాణం: సైకిలు గీసిన వలయం

మార్కాపురం ప్రాంతపు పటాన్ని బల్లమీద పరచి, ఊరి నడుమ వృత్తలేఖిని ముల్లు గుచ్చి, ఐదు కిలోమీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయండి. అదే కేంద్రంగా పదిహేను కిలోమీటర్ల వ్యాసార్ధంతో మరొక వృత్తం గీయండి. మొదటిది ఒక గంటలో మనిషి నడిచి రాగల మేర. రెండవది అదే మనిషి అదే గంటలో సైకిలు మీద రాగల మేర. వేగం మూడు రెట్లు పెరిగినది. కాని వృత్తవైశాల్యం వ్యాసార్ధపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక చిన్న వృత్తంలోని నేల సుమారు 78 చదరపు కిలోమీటర్లయితే, పెద్ద వృత్తంలోని నేల సుమారు 706 చదరపు కిలోమీటర్లు. అనగా తొమ్మిది రెట్లు. ఊరిలో ఒక పని ఉన్నదన్న మాట విని, ఆ పనికి పొద్దున వచ్చి సాయంత్రం ఇంటికి పోగలవారు ఉండే మేర తొమ్మిదింతలు అయినదన్నమాట.

పల్లెలన్నీ సమానమైన ఎడంలో ఉండవు. దారులు వృత్తలేఖిని గీసినట్లు తిన్నగానూ పోవు. గిద్దలూరులో ఇదే పని చేసి చూస్తే పడమటి దిక్కున వలయంలో చాలా భాగాన్ని నల్లమల కొండలు మింగివేస్తాయి. అయినప్పటికీ ఈ లెక్కను గుర్తుంచుకోవడం మంచిది. పల్లెలో ఉంటూ పట్నంలో పని చేసుకొనే మనిషి ఇరవయ్యవ శతాబ్దంలో ఎలా పుట్టుకు వచ్చినాడన్న ప్రశ్నకు సమాధానంలో పెద్ద పాలు ఈ రెండు వృత్తాల మధ్యనే ఉన్నది.

మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ సంవత్సరంలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు వాటిని అందులో చేర్చినారు. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు వచ్చినది. అంతవరకు కొండలకు పడమటగా కచేరీ పనులకు పోయిన ప్రజలు అప్పటి నుండి తూర్పుగా సముద్రం వైపు పోవలసి వచ్చినది. కచేరీ దిక్కు మారినది కాని నేల మారలేదు. వానలు తక్కువ, చెరువులు నిండితేనే వరి, లేకుంటే మెట్ట పైరు. గుండ్లకమ్మ మీద కంభం చెరువు వంటి గొప్ప నీటివనరు ఒకటి ఉన్నా, పల్లెలలో ఎక్కువ భాగం ఆకాశం వైపు చూసేవే. పంట పనులు ఏడాదిలో కొన్ని నెలలకే సరిపోయే ఇటువంటి సీమలో మిగిలిన నెలలకు కూలి వేరొకచోట వెదుక్కోక తప్పదు.

ఆ వేరొకచోటును ఇచ్చినవి ముఖ్యంగా రెండు. ఒకటి రైలు. గుంతకల్లు నుండి నంద్యాల మీదుగా నల్లమలను దాటి గిద్దలూరు, కంభం, మార్కాపురం, దొనకొండల మీదుగా బెజవాడ వైపు సాగిన మీటరుగేజి మార్గం పందొమ్మిదవ శతాబ్ది చివరి దశాబ్దాలలో వేసినది. పట్టాల మరమ్మతుకు, స్టేషన్లకు, దొనకొండ ఇంజను షెడ్డుకు మనుషులు కావలసి వచ్చినారు. రెండవది రాయి. కంభం పేరు మీదనే భూగర్భశాస్త్రజ్ఞులు ‘కంభం స్లేట్లు, షేల్లు’ అని పిలిచే శిలలు కడప శిలాశ్రేణిలో ఒక భాగం. వంద కోట్ల సంవత్సరాలకు పైబడిన కాలంలో నీటి అడుగున పేరుకొన్న బంకమన్ను ఒత్తిడికి, వేడికి గట్టిపడి, పొరలు పొరలుగా చీలే రాయిగా మారినది. ఉలి వేసి తడితే తాళపత్రంలా విడివడే ఈ రాతిని కోసి, నునుపు చేసి, కొయ్యచట్రం బిగిస్తే బడిపిల్లవాని పలక అవుతుంది. మార్కాపురం పలక దేశంలో నలుమూలలకు పోయినది. గనిలో రాయి తీసేవారు, దానిని చీల్చేవారు, కోసేవారు, చట్రాలు బిగించేవారు, ఇందరికి అందులో పని.

ఈ పనులన్నింటికీ ఒక సామాన్య లక్షణం ఉన్నది. అవి వేళకు మొదలవుతాయి. పొలం పని పొద్దును బట్టి జరుగుతుంది. గనిలోనూ, కార్ఖానాలోనూ, స్టేషనులోనూ, బడిలోనూ, కచేరీలోనూ గడియారాన్ని బట్టి జరుగుతుంది. పది కిలోమీటర్ల దూరపు పల్లె నుండి నడిచి వచ్చేవాడు రాకకు రెండు గంటలు, పోకకు రెండు గంటలు దారికే ఇవ్వాలి. సైకిలు మీద వచ్చేవానికి ఆ రెండూ కలిసి గంటా ఇరవై నిమిషాలు. రోజుకు రెండు గంటల నలభై నిమిషాల మిగులు. వారానికి ఆరు పనిదినాలైతే పదహారు గంటలు. ఆ పదహారు గంటలలో బావి దగ్గర మడికి నీరు పెట్టుకోవచ్చు, గేదెకు మేత కోసుకు రావచ్చు, లేదా ఊరక నిద్రపోవచ్చు. నడిచి వచ్చిన మనిషి ఊరిని విడిచి పట్నంలో గుడిసె వేసుకొనేదీ, సైకిలు మీద వచ్చిన మనిషి ఊరిలోనే నిలిచేదీ ఈ పదహారు గంటల దగ్గరనే తేలుతుంది.

ఇంత మార్పు తెచ్చిన యంత్రం ఒక్కసారిగా పుట్టలేదు. 1817లో జర్మనీలో కార్ల్ ఫాన్ డ్రైస్ ఒకదాని వెనుక ఒకటిగా రెండు చక్రాలు పెట్టి, నడుమ కూర్చొని కాళ్ళతో నేలను తన్నుకుంటూ పోయే బండిని చేసినాడు. అందులో పెడలు లేదు, గొలుసు లేదు. 1860 ప్రాంతాలలో పారిస్ నగరంలో ముందు చక్రానికి పెడళ్ళు తగిలించినారు. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక చుట్టే తిరుగుతుంది కనుక, ఎక్కువ వేగం కావలెనంటే చక్రాన్నే పెద్దది చేయవలసి వచ్చినది. ఆ విధంగా మనిషి ఎత్తు ముందు చక్రం, జానెడు వెనుక చక్రం గల వింత బండి ఒకటి కొంతకాలం ఏలినది. దాని మీద నుండి పడితే తలకిందులుగా పడవలసినదే. ధైర్యవంతులైన పడుచువారికి అది ఆట వస్తువు. పనికి పోయే మనిషికి అది పనికిరాదు.

పనివాని సైకిలు పుట్టినది 1885లో. ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ చేసిన ‘రోవర్’ బండిలో రెండు చక్రాలూ దాదాపు ఒకే ఎత్తు. పెడళ్ళు నడుమ ఉన్నవి. వెనుక చక్రాన్ని గొలుసు తిప్పుతుంది. పెద్ద పళ్ళచక్రానికీ, చిన్న పళ్ళచక్రానికీ గల నిష్పత్తే ఇప్పుడు వేగాన్ని నిర్ణయిస్తుంది కనుక పెద్ద చక్రం అవసరం తీరిపోయినది. మూడేళ్ళకు, 1888లో, బెల్‌ఫాస్ట్ నగరంలో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడు చక్రాల బండి రాళ్ళ బాట మీద ఎగిరెగిరి పడుతుంటే చూసి, చక్రాలకు గాలి నింపిన రబ్బరు గొట్టాలు చుట్టినాడు. నిజానికి రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే గాలి టైరుకు పేటెంటు తీసుకొన్నాడు. అప్పటికి దానిని వాడుకొనే బండి లేక ఆ ఊహ మూలబడినది. అవసరానికి ముందే వచ్చిన ఊహలకు ఇటువంటి గతి పట్టడం విజ్ఞాన చరిత్రలో కొత్త కాదు.

ఈనాడు పల్లెదారుల మీద కనబడే నల్లని సైకిలులో స్టార్లీ చట్రం, డన్‌లప్ గాలి, హాన్స్ రెనాల్డ్ 1880లో రూపొందించిన గొలుసు, ఈ మూడూ దాదాపు మారకుండా ఉన్నవి. నూటముప్పై యేండ్లకు పైగా ప్రధాన రూపం మారకుండా నిలిచిన యంత్రాలు లోకంలో ఎక్కువ లేవు.

మన దేశానికి సైకిలు చాలాకాలం సీమ సరుకే. దొరలు, తరువాత ప్లీడర్లు, డాక్టర్లు, ఉద్యోగస్తులు దానిని ఎక్కినారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెట్రోలు దొరకక బస్సులు బొగ్గు వాయువుతో నడిచిన రోజులలో సైకిలు విలువ జనానికి బాగా తెలిసి వచ్చినది. అయితే 1942లో మలయా జపానువారి వశం కావడంతో రబ్బరుకు కరవు వచ్చి టైర్లు దొరకడం గగనమైనది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పరిస్థితి మారినది. 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్ సంస్థ ఏర్పడి అంబత్తూరులో సైకిళ్ళు తయారు చేయసాగినది. అసన్‌సోల్‌లో సేన్ రాలీ, సోనీపత్‌లో అట్లాస్, 1956 నుండి లూధియానాలో హీరో సంస్థలు వచ్చినవి. సైకిలు కొనడం ఒక ఇంటికి గొప్ప విషయమే అయినా అసాధ్యం కాకుండా పోయినది. పెండ్లి కట్నంలో వాచీతోపాటు సైకిలు కూడా చేరిన కాలం అది. కట్నం దురాచారమే; కాని పల్లెటూరి అల్లునికి పనికి పోవడానికి సైకిలు ఎంత అవసరమైనదో ఆ కోరిక చెప్పకనే చెబుతున్నది.

సైకిలు కొన్నవానికి పన్ను, దీపం అనే రెండు కొత్త బాధ్యతలు వచ్చినవి. పట్నాలలో సైకిలుకు సాలుకింతని పన్ను కట్టి బిళ్ళ తగిలించుకోవలసి వచ్చేది. రాత్రి దీపం లేకుండా పోతే పోలీసులు పట్టుకొనేవారు. ఇద్దరెక్కినా పట్టుకొనేవారు. తొలిరోజుల దీపాలలో కిరసనాయిలు దీపంతోపాటు కార్బైడు దీపం కూడా ఉండేది. పై గిన్నెలోని నీరు బొట్టుబొట్టుగా కింద ఉన్న కాల్షియం కార్బైడు ముక్కల మీద పడితే ఎసిటిలిన్ వాయువు పుట్టి తెల్లని మంటతో వెలుగుతుంది. తరువాత టైరుకు ఒరసుకొని తిరిగే డైనమో వచ్చినది. తీగచుట్ట నడుమ అయస్కాంతం తిరిగితే విద్యుత్తు పుడుతుందని ఫారడే 1831లో కనుగొన్న సూత్రమే ఇక్కడ పని చేస్తున్నది. దానిలో ఒక చిక్కు ఉన్నది. సైకిలు ఆగితే దీపం ఆరుతుంది. గతుకుల దారిలో మెల్లగా పోవలసిన చోట, సరిగా వెలుతురు కావలసిన చోటనే, దీపం మసకబారుతుంది.

కొత్తగా పనికి సైకిలు మీద పోదలచినవాడు మొదట తొక్కడం నేర్వాలి. తెలుగు పల్లెలలో నేర్చే పద్ధతి ఇంచుమించు ఒక్కటే. పెద్దవారి సైకిలుకు సీటు అందదు కనుక పిల్లవాడు చట్రపు త్రికోణం లోపలి నుండి కాలు దూర్చి, ఒక చేత్తో హేండిలు, మరొక చంకలో సీటు పట్టుకొని వంకరగా తొక్కుతాడు. దీనికి కొన్నిచోట్ల అడ్డతొక్కుడు అనీ, కొన్నిచోట్ల కాంచీ అనీ పేరు. తరువాత అడ్డకమ్మి మీదికి, చివరకు సీటు మీదికి పదవోన్నతి. ఇంట సైకిలు లేనివాడు గంట అద్దెకు తెచ్చుకొని, గంటకు ఇంకా పది నిమిషాలున్నాయనగా కిందపడి హేండిలు వంచుకొని, దానిని చక్కదిద్దుకోవడానికి ఆ పది నిమిషాలూ ఖర్చు చేసేవాడు.

సైకిలు పడకుండా ఎందుకు నిలుస్తుంది? ఈ ప్రశ్నను బడిలో అడిగితే, చక్రాలు బొంగరాలవలె తిరుగుతున్నవి కనుక అని జవాబు రావచ్చు. అది కొంతవరకే నిజం. విప్పుల్ అనే గణితవేత్త 1899లోనే సైకిలు చలన సమీకరణాలను రాసినాడు. బొంగరపు గుణం ఒక్కటే కారణం కాదని తరువాత శాస్త్రజ్ఞులు చూపినారు. 2011లో కొందరు పరిశోధకులు ఆ గుణాన్ని పూర్తిగా రద్దుచేసేటట్లు ఎదురు తిరిగే చక్రాలు అమర్చిన చిన్న బండిని తయారు చేసి తోస్తే, అది కూడా తనంత తానుగా నిలిచి పరుగెత్తినది. అసలు కిటుకు ఇది: బండి ఎటు ఒరిగితే అటే ముందు చక్రం తిరగాలి, అప్పుడు చక్రాలు తిరిగి బరువు కిందికి వస్తాయి. కొత్తగా నేర్చేవాడు భయపడి, ఎడమకు ఒరిగితే హేండిలును కుడికి లాగుతాడు, పడతాడు. నాలుగుసార్లు పడిన తరువాత చేతులకు తెలిసివస్తుంది. చేతులకు తెలిసినదానిని సమీకరణంగా రాయడానికి పండితులకు ఎనభై యేండ్లకు పైగా పట్టినది.

తొక్కడం వచ్చినంత మాత్రాన పనికి పోవడం వచ్చినట్లు కాదు. ఊరి వీధిలో నాలుగు చుట్లు తిరగడం వేరు, రోజూ పది కిలోమీటర్లు పోయి, ఎనిమిది గంటలు పనిచేసి, తిరిగి పది కిలోమీటర్లు రావడం వేరు. తొలివారంలో కొత్తవాడు చేసే తప్పు ఒకటి అందరికీ ఉమ్మడిది. కాళ్ళు నేలకు ఆనాలని సీటును బాగా దించుకుంటాడు. అప్పుడు మోకాలు ఎప్పుడూ ముడుచుకొనే ఉంటుంది. తొడ కండరం బలమంతా పెడలుకు చేరదు. మూడవనాటికి మోకాళ్ళు నొప్పెడతాయి. పెడలు అడుగున ఉన్నప్పుడు మడమ దానిమీద పెడితే కాలు తిన్నగా చాగేటంత ఎత్తున సీటు ఉండాలి. తొక్కేటప్పుడు మునివేళ్ళ దగ్గరి పాదభాగంతో తొక్కుతాము కనుక మోకాలికి కొంచెం వంపు మిగులుతుంది.

ఇప్పుడు కొంత లెక్క చేద్దాము. నల్ల సైకిలు బరువు సుమారు 20 కిలోలు, మనిషి 60 కిలోలు, మొత్తం 80. ముందు పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనుక దానికి 18 పళ్ళు ఉంటే, పెడలు ఒక చుట్టుకు బండి దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. నిమిషానికి 46 చుట్లు తొక్కితే గంటకు పదిహేను కిలోమీటర్లు. చదునైన తారురోడ్డు మీద, గాలి లేనప్పుడు, ఆ వేగానికి అడ్డుపడే బలం మొత్తం పది పన్నెండు న్యూటన్లకు మించదు. మనిషి 45 లేక 50 వాట్ల శక్తి వెచ్చిస్తే చాలు. కంకర బాట అయితే అది 75 వాట్ల వరకు పెరుగుతుంది. కష్టజీవి రోజంతా అలవకుండా ఇవ్వగల శక్తి కూడా సుమారు 75 వాట్లే, అనగా అశ్వశక్తిలో పదవ వంతు. తారురోడ్డు పడడం వలన సైకిలువానికి కలిగిన లాభం ఈ రెండు అంకెలలో ఉన్నది.

ఇక ఎగుడు సంగతి. ముప్పై మీటర్లకు ఒక మీటరు లేచే మెట్ట కంటికి పెద్దగా కనబడదు. కాని 80 కిలోలను దాని మీదికి ఎక్కించడానికి అదనంగా 26 న్యూటన్ల బలం కావాలి. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగం నిలుపుకోవాలంటే ఆ ఎక్కుడుకే 108 వాట్లు కావాలి. ఆ సైకిలుకు గేర్లు మార్చే వీలు లేదు. కనుక మనిషి దిగి తోసుకొని పోతాడు. గిద్దలూరు నుండి కొండల వైపు పోతే వచ్చే స్టేషను పేరు దిగువమెట్ట. పేరులోనే మెట్ట ఉన్నది. అది కూడా దిగువదే, ఎగువది ఇంకా ముందున్నది. అక్కడి దారి మనిషి తొడలకు నేర్పే పాఠాన్ని ఈ 108 అనే అంకె కాగితం మీద చెబుతున్నది.

కొండ కంటె మోసకారి గాలి. గాలి అడ్డు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. నిశ్చలమైన గాలిలో గంటకు పదిహేను కిలోమీటర్లు పోతే ఆరు న్యూటన్లు అడ్డుపడుతుందనుకొందాము. ఎదురుగా పదిహేను కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే అది ఇరవై నాలుగు న్యూటన్లు అవుతుంది. నైరుతి ఋతుపవనం మొదలయ్యే రోజులలో, వాన పడకుండా పడమటి గాలి మాత్రం తోలే జూన్, జూలై నెలలలో, పడమటి దిక్కుకు పనికి పోయేవాడు పొద్దున గాలితో పోరాడి సాయంత్రం గాలి తోడుతో ఇల్లు చేరుతాడు. తూర్పుకు పోయేవాని సంగతి దీనికి తలకిందు: పొద్దున సుఖం, ఒళ్ళు అలసిన సాయంత్రం కష్టం. ఇరవై నిమిషాలు ముందుగా బయలుదేరడం తప్ప దీనికి మందు లేదు.

ఇన్ని అడ్డంకులున్నా సైకిలు చవక ప్రయాణమే. ఎస్. ఎస్. విల్సన్ 1973లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో జంతువులను, యంత్రాలను పోల్చి, ఒక గ్రాము బరువును ఒక కిలోమీటరు తీసుకుపోవడానికి సైకిలు మీది మనిషికి అయ్యే శక్తి, నడిచే మనిషికి అయ్యేదానిలో ఐదవ వంతు మాత్రమేనని చూపినాడు. ఏ జంతువూ, ఏ ఇంజనూ ఆ పట్టికలో అతనికి సాటిరాలేదు. అంబలి తాగి పనికి పోయే మనిషికి ఇది పుస్తకాల లెక్క కాదు, కడుపు లెక్క.

మెట్టసీమలో సైకిలుకు అసలైన శత్రువు నేలమీద పాకే ఒక చిన్న మొక్క. అదే పల్లేరు. పసుపుపచ్చని పూలు పూసి బీళ్ళలోనూ, బాటల అంచులలోనూ పరచుకొనే ఈ మొక్క కాయ ఎండితే ఐదు ముక్కలుగా విడిపోతుంది. ఒక్కొక్క ముక్కకు రెండు పొడుగాటి గట్టి ముండ్లు, మరి రెండు పొట్టివి. అది ఎటు దొర్లినా ఒక ముల్లు మాత్రం పైకి చూస్తూనే ఉంటుంది. పూర్వం యుద్ధాలలో గుర్రాల గిట్టలకు గుచ్చుకొనేటట్లు నేలమీద చల్లిన నాలుగు మొనల ఇనుప ముండ్ల పేరునే వృక్షశాస్త్రజ్ఞులు దీనికి పెట్టినారు: ట్రిబ్యులస్. జంతువుల కాళ్ళకు అంటుకొని విత్తనం దూరప్రాంతాలకు పోవడం మొక్కకు కావలసినది. కాలికీ టైరుకూ దానికి తేడా తెలియదు. అమెరికా పడమటి రాష్ట్రాలకు కూడా ఈ మొక్క చేరి, అక్కడ ‘పంక్చర్ తీగ’ అనే పేరు తెచ్చుకొన్నది. దాని కాయలను, కాండాన్ని తినే రెండు రకాల ముక్కు పురుగులను 1961లో ఇటలీ నుండి తెచ్చి అక్కడ వదలవలసి వచ్చినది. మన సీమలో పల్లేరుకు తుమ్మముల్లు, సర్కారు తుమ్మ ముల్లు కూడా తోడు.

కనుక పనికి పోయే సైకిలువాడు పంక్చరు వేయడం తెలిసినవాడై ఉండాలి, లేదా దారిలో ఎక్కడ పంక్చరు వేసే అంగడి ఉన్నదో తెలిసినవాడై ఉండాలి. చెట్టు కింద ఒక పంపు, నీళ్ళ తొట్టి, పాత టైరు ఒకటి కొమ్మకు వేలాడుతూ ఉంటే అదే అంగడి. ట్యూబులో గాలి కొట్టి నీటిలో ముంచితే బుడగలు చిల్లును చూపుతాయి. ఆ చోటును గరుకు పెట్టి, రబ్బరు ద్రావణం పూసి, అది ఆరే వరకు ఆగి, అతుకు వేసి అదమాలి. కొత్తవాడు ఆగలేక తడిగా ఉండగానే అతికిస్తాడు. ద్రావకం ఆవిరై పోనిదే రబ్బరు రబ్బరును పట్టుకోదు కనుక అర కిలోమీటరు పోకముందే అతుకు ఊడుతుంది. అతుకు వేసే ముందు టైరు లోపలి వైపు వేలితో తడిమి ముల్లును వెదకి తీయడం మరచినవాడు అదే చోట రెండవ చిల్లు కొనితెచ్చుకొంటాడు. టైరులో గాలి తక్కువగా ఉంచితే ముండ్లు గుచ్చుకోవని కొందరి నమ్మకం. గాలి తగ్గిన టైరు నేలమీద ఎక్కువగా పరచుకొని మరిన్ని ముండ్లను ఏరుకొంటుంది. పైగా తొక్కడం బరువవుతుంది.

ఇంతవరకు చెప్పినవి కండరాలకూ, గాలికీ, ముండ్లకూ సంబంధించిన అడ్డంకులు. సైకిలు ఉండి, తొక్కడం వచ్చి, దారి బాగుండి కూడా పోనీయని అడ్డంకులు మరికొన్ని ఉండేవి. తెలుగు దేశంలో అనేక గ్రామాలలో హరిజనులు అగ్రవర్ణాల వీధులలో సైకిలు ఎక్కి పోరాదన్న కట్టడి చాలాకాలం నడిచినది. వీధి మొదట దిగి, నడిపించుకొని పోయి, వీధి చివర మరల ఎక్కాలి. చెప్పులు తొడుక్కోరాదన్న కట్టడి వంటిదే ఇది. రాజ్యాంగం 1950లోనే అంటరానితనాన్ని రద్దుచేసినది. 1955లో దానిని నేరంగా శిక్షించే చట్టం వచ్చినది. ఆ తరువాత కూడా చాలాకాలం ఇటువంటి సంఘటనలు నమోదవుతూనే ఉన్నవి. అడ్డకమ్మి మీద కాలు వేసి ఎక్కి, అందరి ఎదుట వీధి నడుమ నుండి పనికి పోయిన మొదటి మనిషి చేసినది కేవలం ప్రయాణం కాదు.

సైకిలు పేదవాని బండి అని కొందరు ఉద్యోగస్తులు జీతం పెరగగానే దానిని దిగినారు. దీనికి ఎదురుగా నిలిచిన పేరు పుచ్చలపల్లి సుందరయ్య. 1952లో రాజ్యసభకు ఎన్నికైన ఆయన ఢిల్లీలో పార్లమెంటు భవనానికి సైకిలు మీద పోయేవారు. తరువాత శాసనసభ్యులుగా హైదరాబాదులోనూ ఆ అలవాటును మానలేదు. పార్లమెంటు సభ్యుడు పనికి సైకిలు మీద పోవడం జనానికి ఇప్పటికీ కథగా గుర్తున్నది. గనికి పోయే కూలి అదే పని చేస్తే కథ కాలేదు.

స్త్రీల సంగతి మరీ ఆలస్యంగా వచ్చినది. నల్ల సైకిలుకు అడ్డకమ్మి ఉండడం చేత చీర కట్టినవారికి అది అనుకూలం కాదన్నారు. అడ్డకమ్మి లేని సైకిలు చాలాకాలం నుండి ఉన్నదే. అది పల్లె ఇంటికి రాలేదు. ఇంటికి ఒక్క సైకిలే వస్తే అది మగవాని కొలతకే వచ్చేది. తమిళనాడులోని పుదుక్కోటై జిల్లాలో 1990 తరువాత జరిగిన అక్షరాస్యతా ఉద్యమంలో చదవడం నేర్చిన స్త్రీలకు సైకిలు తొక్కడం కూడా నేర్పినారు. వేలకొలది స్త్రీలు నేర్చి, రాళ్ళ గనుల దగ్గరి పనికీ, అంగన్‌వాడీలకూ, సంతకూ దాని మీద పోసాగినారు. అడ్డకమ్మి గల మగవారి సైకిళ్ళనే వారిలో పలువురు తొక్కినారు. చీర అడ్డమన్న మాట అంతటితో తేలిపోయినది.

మార్కాపురం, గిద్దలూరు సీమలో ఈ నాలుగు దశాబ్దాలలో చాలా మారినది. 1980లలో మోపెడు, తరువాత మోటారు సైకిలు వచ్చినవి. 1990లలో మీటరుగేజి పోయి బ్రాడుగేజి పట్టాలు పడినవి. కాగితపు పుస్తకం పలకను బడి నుండి వెళ్ళగొట్టడంతో పలకల పరిశ్రమ వెనుకటి వెలుగు కోల్పోయినది. 2011 జనగణన పనికి ఎలా పోతారని ప్రజలను అడిగినది. వ్యవసాయం, ఇంటి పరిశ్రమ కాక ఇతర పనులు చేసే వారిలో దేశమంతటా సుమారు 23 శాతం నడిచి పోతున్నామన్నారు, సుమారు 13 శాతం సైకిలు మీద పోతున్నామన్నారు, దాదాపు అంతే శాతం స్కూటరు, మోటారు సైకిలు, మోపెడుల మీద పోతున్నామన్నారు. కారు మీద పోయేవారు మూడు శాతం లోపు. మోటారు యుగం వచ్చినదని పత్రికలు రాస్తున్న కాలంలో కూడా నడకా, సైకిలూ కలిసి దేశంలోని అటువంటి పనివారిలో మూడవ వంతుకు పైగా మోసినవి.

ఇప్పుడు ఈ సీమలో సైకిలు మీద కొత్తగా ఎక్కుతున్నవారిలో ఎక్కువమంది పనికి పోయేవారు కారు, బడికి పోయేవారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2010 తరువాతి దశాబ్దంలో ‘బడికొస్తా’ అనే పేరుతో ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్ళు పంచినది. బీహారు రాష్ట్రం 2006లోనే తొమ్మిదవ తరగతిలో చేరిన బాలికలకు సైకిలు కొనడానికి డబ్బు ఇచ్చినది. కార్తిక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు దాని ఫలితాన్ని పరిశీలించినారు. ఉన్నత పాఠశాలలో చేరే బాలికల సంఖ్య సుమారు మూడవ వంతు పెరిగినది. బాలురకూ బాలికలకూ మధ్య ఉన్న ఎడంలో 40 శాతం పూడినది. ఆ పెరుగుదల అన్ని ఊళ్ళలోనూ ఒక్కటిగా రాలేదు. బడి పక్కనే ఉన్న ఊళ్ళలో పెద్ద తేడా కనబడలేదు. బడి మూడు కిలోమీటర్లకు మించి దూరంగా ఉన్న ఊళ్ళలో ఎక్కువగా వచ్చినది.